మార్కు చెప్పారు.. కోత చెప్పలేదు!

జిమ్నాస్టిక్స్ పోటీల్లో చిన్నారులకు కొరవడుతున్న వివరణ
తల్లిదండ్రుల్లో అనుమానాలు.. శిక్షకులకు ఇరకాటం

పుప్పాలగూడ: బీమ్‌పై నుంచి దిగిన పదేళ్ల బాలిక రెండు చేతులూ పైకెత్తి న్యాయనిర్ణేతలకు అభివాదం చేసి పక్కకు తప్పుకొంటుంది. కొద్దిసేపటికి మైకులో ఒక అంకె వినిపిస్తుంది. 10.35 అనుకుందాం. ఆ అంకె ఎలా వచ్చింది, ఎక్కడ ఎంత కోత పడింది, వచ్చే పోటీ నాటికి ఏం సరిదిద్దుకోవాలి అన్న ప్రశ్నలకు అక్కడ సమాధానం దొరకదు. ఇంటికి వెళ్లే దారిలో తండ్రి అడిగేది ఒక్కటే.. ‘ఎందుకు తగ్గింది?’ బాలిక దగ్గర జవాబు ఉండదు. చాలా సందర్భాల్లో శిక్షకుడి దగ్గరా ఉండదు. నెలల తరబడి పడిన శ్రమకు మిగిలేది ఆ ఒక్క అంకె.

ఒకప్పుడు రాళ్లగుట్టల నడుమ ఒదిగి ఉన్న పుప్పాలగూడ గ్రామ పంచాయతీ 2018లో మణికొండ పురపాలక సంఘంలో కలిసింది. అటు నానక్‌రామ్‌గూడ, ఇటు నార్సింగి దాకా బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలు తరలివచ్చాయి. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో నిర్మించిన క్రీడా సముదాయం ఇక్కడికి ఎంతో దూరం లేదు. దీంతో పిల్లలను ఏదో ఒక ఆటలో చేర్పించాలన్న తపన ఈ ప్రాంతంలో బలంగా నాటుకుంది. బ్యాడ్మింటన్‌కు ఉన్నంత ఆదరణ జిమ్నాస్టిక్స్‌కు లేకపోయినా, ఆ వైపు చూసే తల్లిదండ్రులు లేకపోలేదు. అందుకు కారణాలు రెండు. ఒకటి 2016 రియో, రెండోది 2018 మెల్‌బోర్న్.

రియో ఒలింపిక్స్‌లో త్రిపుర యువతి దీపా కర్మాకర్ వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అదే ఏడాది ఆగస్టులో గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీలో పి.వి. సింధు, సాక్షి మాలిక్‌లతో పాటు దీపకూ సచిన్ తెందూల్కర్ చేతుల మీదుగా ఖరీదైన కారు అందజేశారు. (అగర్తలా రోడ్లపై ఆ కారును నడపడం కష్టమని ఆమె తర్వాత తిరిగి ఇచ్చేయడం వేరే సంగతి.) రెండేళ్లు తిరగకుండానే, హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో సాధన చేసిన బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచకప్ పోటీల్లో వాల్ట్‌లో కాంస్యం సాధించింది. ప్రపంచకప్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారత జిమ్నాస్ట్‌గా చరిత్రకెక్కింది. కరాటేతో మొదలుపెట్టి ఇటు మళ్లిన తెలుగమ్మాయి కావడంతో ఇక్కడి తల్లిదండ్రుల్లో ఆశలు చిగురించాయి.

ఆశలు సరే. ఈ ఆటలో గెలుపోటములను తేల్చే లెక్క ఎంత సూక్ష్మమైనదో ఆ రెండు ఫలితాలే చెబుతాయి.

ఒక్క అడుగు.. ఒక్క పతకం

మెల్‌బోర్న్‌లో అరుణకు 13.649 వచ్చింది. రజతం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ వైట్‌హెడ్‌కు 13.699. తేడా 0.050. వాల్ట్ ఫైనల్లో రెండు దూకుళ్ల సగటే తుది మార్కు కాబట్టి, రెండింటిలో కలిపి ఇద్దరి మధ్య ఉన్న అంతరం 0.1 మాత్రమే. జిమ్నాస్టిక్స్‌లో విధించే అతి చిన్న కోత అదే. నేలపై దిగాక పాదం కాస్త కదిలితే పోయేది అంతే.

రియోలో దీపకు 15.066 వస్తే, కాంస్యం అందుకున్న స్విట్జర్లాండ్ క్రీడాకారిణి జూలియా స్టెయిన్‌గ్రూబర్‌కు 15.216 వచ్చింది. సగటులో తేడా 0.150. అంటే రెండు దూకుళ్లలో కలిపి 0.3. దిగేటప్పుడు ఒక పెద్ద అడుగు పడితే పోయే మార్కు అది. దీప రెండో దూకుడైన ప్రొదునోవా కష్టానికి 7.000, నిర్వహణకు 8.266 ఇచ్చారు. దూకుడు అద్భుతమే అయినా దిగినప్పుడు ఆమె దాదాపు కూర్చుండిపోయేంత లోతుకు ఒంగిపోవడం టీవీల ముందున్నవారంతా చూశారు.

ఇక్కడ 8.266 అన్న అంకెను కాసేపు పరిశీలించడం ఉపయోగకరం. కోతలన్నీ 0.1, 0.3, 0.5 లాంటి అంకెల్లోనే ఉంటే చివర ఈ 66 ఎక్కడి నుంచి వచ్చింది? నాడు నిర్వహణను చూసిన న్యాయనిర్ణేతలు అయిదుగురు. వారి మార్కుల్లో అత్యధికాన్ని, అత్యల్పాన్ని పక్కనపెట్టి మిగిలిన మూడింటికి సగటు తీశారు. మూడింటి మొత్తం 24.8 అయితే సగటు 8.266 అవుతుంది. కాబట్టి తుది కోత అన్నది ఏ ఒక్కరి నిర్ణయమూ కాదు. ఫలానా ఆయన కోశారని వేలెత్తి చూపడానికి అందులో ఆస్కారమే లేదు. బిడ్డకు మార్కు తగ్గితే న్యాయనిర్ణేత ముఖంలోకి గుర్రుగా చూసే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

ఒకే మార్కు.. రెండు జబ్బులు

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 14 ఏళ్ల రొమేనియా బాలిక నాడియా కొమనేచికి పదికి పది వస్తే, అంత మార్కు చూపే ఏర్పాటు లేక బోర్డుపై 1.00 అని పడిన ముచ్చట పాత తరానికి గుర్తుండే ఉంటుంది. ఆ ‘పది’ పద్ధతికి 2006లో తెరపడింది. 2004 ఏథెన్స్‌లో దక్షిణ కొరియా జిమ్నాస్ట్ యాంగ్ టే యంగ్ విన్యాసానికి ఆరంభ విలువను 0.1 తక్కువగా లెక్కించడం, దాంతో స్వర్ణం ఎవరిదన్న వివాదం చెలరేగడం ఆ మార్పునకు దారితీసిన పరిణామాల్లో ముఖ్యమైనది.

ఇప్పుడు మార్కు రెండు ముక్కలుగా ఉంటుంది. ఎంత కష్టమైన విన్యాసాలు చేశారన్నది ‘డి’ మార్కు. దీనికి పైహద్దు లేదు. ఎంత శుభ్రంగా చేశారన్నది ‘ఇ’ మార్కు. ఇది పది నుంచి మొదలై కోతలతో కిందికి దిగుతుంది. గీత దాటడం, సమయం మించడం వంటి వాటికి విధించే జరిమానాను చివర్లో విడిగా తీసివేస్తారు.

మొదట చెప్పుకున్న 10.35నే తీసుకుందాం. ఒక బాలికకు ‘డి’ 3.4, ‘ఇ’ 6.95 వచ్చినా మొత్తం 10.35. ఇంకో బాలికకు ‘డి’ 2.0, ‘ఇ’ 8.35 వచ్చినా 10.35. మొదటి అమ్మాయి శక్తికి మించిన విన్యాసాలు ఎత్తుకుని తడబడుతోంది. ఆమెకు కొత్తవి నేర్పడం మాని ఉన్నవాటిని నునుపుదేర్చాలి. రెండో అమ్మాయి చక్కగా చేస్తోంది గానీ చేస్తున్నవి తేలిక విన్యాసాలు. ఆమెకు కొత్తవి నేర్పాలి. ఇద్దరికీ ఒకే అంకె చదివి పంపితే, ఇద్దరి శిక్షకులూ రేపటి నుంచి ఒకే మందు వాడే ప్రమాదం ఉంది. మొదటి అమ్మాయి చేత ఇంకా కష్టమైనది చేయించారనుకోండి, పోయేది మార్కు మాత్రమే కాదు. తడబడుతూ దిగే మోకాలు, చీలమండ ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి?

తెలిసే కోతలు, తెలియని కోతలు

కింద పడితే 1.0 పోతుంది. ఇది అందరికీ కనిపిస్తుంది. బాలిక ఏడుస్తుంది, తల్లి ఓదారుస్తుంది, మరుసటి రోజు శిక్షకుడు ఆ విన్యాసాన్నే పదేపదే చేయిస్తాడు. కానీ బీమ్‌పై కాలి వేళ్లు చాచకపోవడం, మోకాలు కొద్దిగా వంగడం, ఊగిసలాట వంటి చిన్న తప్పులు పది జరిగితే ఒక్కో దానికి 0.1 చొప్పున పోయేదీ సరిగ్గా 1.0. వాటిని చూసి ఎవరూ ఏడ్వరు. పది సెంటీమీటర్ల వెడల్పు పలకపై అదుపు తప్పడం ఆ రోజు దురదృష్టం కావచ్చు. చాచని కాలి వేళ్లు మాత్రం ప్రతి పోటీలోనూ, ప్రతి విన్యాసంలోనూ వెంట వస్తాయి. వివరణ నిజంగా అవసరమైనది ఈ రెండో రకం తప్పులకే. వాటి గురించి చెప్పేవారే తక్కువ.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. కాళ్లు 180 డిగ్రీలు విచ్చుకోవలసిన దూకుడు కాస్త తగ్గితే ‘ఇ’ మార్కులో 0.1 లేదా 0.3 పోతుంది. మరీ తగ్గితే ‘డి’ చూసేవారు ఆ దూకుడును ఆ విలువతో గుర్తించరు. బీమ్‌పై, నేలపై అలాంటి దూకుడు తప్పనిసరి అంశాల్లో ఒకటి కాబట్టి దానికి దక్కవలసిన 0.5 కూడా పోవచ్చు. అంటే ఒకే తప్పు రెండు చోట్ల కోతకు కారణమవుతుంది. చూసేవారికి అది బాగా ఎగిరినట్లే కనిపిస్తుంది. దొర్లలేదు, పడలేదు. మార్కు మాత్రం ఊహించినదాని కన్నా చాలా తక్కువ. తల్లిదండ్రుల అనుమానాలు ఎక్కువగా పుట్టేది ఇటువంటి చోటనే. చిన్న వయసు విభాగాలకు నిబంధనల్లో సడలింపులు ఉంటాయి కనుక తమ పిల్లల విభాగానికి ఏవి వర్తిస్తాయో ముందే తెలుసుకోవడం అవసరం. పైగా ఈ నిబంధనావళి ఒలింపిక్స్ వారీగా మారుతుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2025-28 కాలానిది. అంతర్జాలంలో దొరికిన పాత పట్టికను పట్టుకుని వాదనకు దిగితే భంగపాటు తప్పదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

మార్కుపై అభ్యంతరం చెప్పే హక్కు ఉందా అంటే, ఉంది. అయితే అది సగం మార్కుకే. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య నిబంధనల ప్రకారం శిక్షకులు ‘డి’ మార్కుపైనే విచారణ కోరగలరు. నిర్వహణ కోతలను ప్రశ్నించడానికి వీల్లేదు. ఇతరుల బిడ్డకు ఎక్కువ వేశారని ఫిర్యాదు చేయడానికీ వీల్లేదు. అంతర్జాతీయ పోటీల్లో తొలి అభ్యర్థనకు 300 డాలర్లు చెల్లించాలి. మాటల్లో వెంటనే చెప్పాలి, ఆ తర్వాత రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఈ ‘వెంటనే’ ఎంత కఠినమైనదో 2024 పారిస్ ఒలింపిక్స్ లోకానికి చాటింది. ఆగస్టు 5న మహిళల ఫ్లోర్ ఫైనల్లో చివరగా పోటీపడిన అమెరికా జిమ్నాస్ట్ జోర్డాన్ చైల్స్‌కు మొదట 13.666 వచ్చింది. ఒక దూకుడుకు విలువ ఇవ్వలేదని శిక్షకురాలు అభ్యర్థించగా 13.766కు పెంచారు. దాంతో 13.700తో మూడో స్థానంలో ఉన్న రొమేనియా అమ్మాయి అనా బర్బోసు కిందికి జారింది. చివరి క్రీడాకారిణి విషయంలో గడువు ఒక నిమిషమేనని, అభ్యర్థన నాలుగు సెకన్లు ఆలస్యమైందని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తేల్చడంతో కాంస్యం బర్బోసుకు దక్కింది. మరో రొమేనియా క్రీడాకారిణి సబ్రీనా వోయినియా తాను గీత దాటనే లేదని, 0.1 కోత అన్యాయమని చేసుకున్న విన్నపాన్ని అదే న్యాయస్థానం తిరస్కరించింది. చైల్స్ వివాదం స్విట్జర్లాండ్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ఒలింపిక్స్‌లోనే 0.1 కోసం ఇంత రగడ జరిగితే జిల్లా స్థాయిలో మనస్పర్థలు రావడంలో వింతేముంది?

నిర్వహణ కోతలను ప్రశ్నించనీయకపోవడంలో న్యాయం లేకపోలేదు. న్యాయనిర్ణేత చూసేది ఒక్కసారే, నిజవేగంలోనే. చూస్తూనే గుర్తుల రూపంలో కాగితంపై రాసుకుంటూ పోవాలి. ఒకరు ముగించగానే మరొకరు సిద్ధంగా ఉంటారు. ప్రతి 0.1కీ వాదన మొదలైతే ఉదయం ఆరంభమైన పోటీ అర్ధరాత్రి దాటినా ముగియదు. అయితే ‘ప్రశ్నించరాదు’ అన్న నిబంధన చిన్న స్థాయి పోటీలకు వచ్చేసరికి ‘వివరించనక్కర్లేదు’ అన్న అలవాటుగా మారింది. సమస్య మూలం ఇక్కడే ఉంది. అభ్యంతరం వేరు, వివరణ వేరు. మొదటిది మార్కును మార్చమని కోరడం. రెండోది మార్కును అంగీకరించి, దాని నుంచి నేర్చుకోవడానికి దారి అడగడం.

ఫిగర్ స్కేటింగ్‌లోనూ ఒకప్పుడు ఇదే తంతు. 2002 సాల్ట్‌లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌లో న్యాయనిర్ణయ కుంభకోణం బయటపడ్డాక కొత్త పద్ధతి తెచ్చారు. ఇప్పుడు ఏ విన్యాసానికి ఏ న్యాయనిర్ణేత ఎంత వేశారో తెలిపే పట్టిక పోటీ ముగిశాక అందరికీ అందుబాటులో ఉంటుంది. జిమ్నాస్టిక్స్ అంత దూరం రాలేదు. జపాన్ సంస్థ ఫుజిట్సు రూపొందించిన కంప్యూటర్ సహాయక వ్యవస్థను 2019 స్టట్‌గార్ట్ ప్రపంచ పోటీల్లో కొన్ని పరికరాలకు, 2023 ఆంట్వెర్ప్‌లో మొత్తం పదింటికీ వినియోగించారు. అది మన జిల్లా పోటీలకు ఎప్పుడు వస్తుందని ఎదురుచూడటం కన్నా చేతిలో ఉన్న పనులు చేసుకోవడం మేలు.

ఎవరిని, ఎప్పుడు, ఏమని అడగాలి?

అడగవలసింది శిక్షకుడు, తల్లిదండ్రులు కాదు. ఇది అవమానంగా భావించనక్కర్లేదు. తల్లిదండ్రులు నేరుగా న్యాయనిర్ణేతల బల్ల దగ్గరికి వెళ్లడం ఏ దేశంలోనూ ఆమోదయోగ్యం కాదు. అడగవలసిన సమయం పోటీ మొత్తం ముగిసి, ఫలితాలు ప్రకటించిన తర్వాత. ఇక అడిగే తీరు. ‘ఎందుకు ఇంత కోశారు’ అంటే అవతలివారు రక్షణలో పడిపోతారు. వచ్చే సమాధానం కూడా ‘శుభ్రంగా లేదు’ అన్న ఒక్క ముక్కే. దానితో ఏ శిక్షకుడైనా ఏం చేసుకోగలడు? ‘ఏయే విన్యాసాలకు విలువ ఇవ్వలేదు’ అని అడిగితే కచ్చితమైన సమాధానం వస్తుంది. ‘మళ్లీ మళ్లీ కనిపించిన తప్పు ఏది’ అని అడిగితే ఇంకా పనికొచ్చే సమాధానం వస్తుంది. ఈ రెండు ప్రశ్నలు చాలు. అరవై మంది పిల్లల్ని చూసి అలసిన మనిషిని అంతకు మించి అడగడమూ భావ్యం కాదు.

చిన్న స్థాయి పోటీల్లో శిక్షకులే న్యాయనిర్ణేతలుగా కూర్చోవడం కద్దు. పొరుగు కేంద్రం శిక్షకుడిని తన శిష్యురాలి తప్పులు చెప్పమని అడగడానికి మరో శిక్షకుడికి అహం అడ్డొస్తుంది. చెప్పడానికి ఆయనకూ సంకోచమే. ఈ మొహమాటానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం పిల్లలు.

పుప్పాలగూడ, మణికొండ పరిసరాల్లో అమెరికాలో కొన్నేళ్లు ఉండి తిరిగివచ్చిన కుటుంబాలు తక్కువేమీ కాదు. అక్కడ పిల్లల్ని ఒకటి నుంచి పది దాకా స్థాయులుగా విభజించి పోటీలు నిర్వహిస్తారు. పోటీల కాలం మొదలయ్యే ముందు న్యాయనిర్ణేతను క్లబ్బుకు పిలిపించుకుని, నమూనా పోటీ పెట్టి, ప్రతి విన్యాసానికీ కోతలు విడివిడిగా చెప్పించుకునే అలవాటు చాలా క్లబ్బులకు ఉంది. అక్కడ మార్కు లెక్కకు రాదు కాబట్టి దాపరికం ఉండదు, వాదన ఉండదు. ఇక్కడి కేంద్రాలు నాలుగైదు కలిసి ఏడాదికి రెండు ఆదివారాలు ఇలాంటి ఏర్పాటు చేసుకుంటే ఒక్కో కుటుంబంపై పడే భారం స్వల్పం. పెద్ద పోటీకి ప్రయాణ ఖర్చులు, బస ఖర్చులు పెట్టుకుని వెళ్లి ఒక్క అంకెతో తిరిగి రావడం కన్నా ఇది ఎంతో లాభసాటి.

ఫోను ఉంది.. చూసే పద్ధతే లేదు

ప్రతి తల్లి చేతిలోనూ ఫోను ఉంది. ప్రతి విన్యాసమూ వీడియోలో ఉంది. కానీ గ్యాలరీ నుంచి ఏటవాలుగా తీసిన దృశ్యంలో కాళ్లు ఎంత విచ్చుకున్నాయో తెలియదు. న్యాయనిర్ణేతలు కూర్చునే వైపు నుంచి, పరికరానికి పక్కగా తీసినదే పనికొస్తుంది. దాన్ని నెమ్మదిగా తిప్పి చూడటం రెండో పని. మొదటి పని, ఒకే ఒక్కసారి నిజవేగంలో చూసి శిక్షకుడు తన కోతలు తాను రాసుకోవడం. ఆయన లెక్కలో 1.6 పోయి, అసలు పోటీలో 2.6 పోయిందనుకుందాం. ఆ మధ్యనున్న 1.0 బాలిక తప్పు కాదు, శిక్షకుడి కంటికి అందని భాగం. ఆయన రోజూ సాధనలో చూస్తూ వదిలేస్తున్నది అదే. అప్పుడు నెమ్మదిగా తిప్పి దాన్ని వెతకాలి. శిక్షకుడు స్వయంగా న్యాయనిర్ణేత పరీక్ష రాస్తే ఈ అంతరం త్వరగా తగ్గుతుంది.

ఒక్క పోటీతో నిర్ణయాలకు రావడం కూడదు. మూడు నాలుగు పోటీల కోతలను ఒకే నోటుపుస్తకంలో రాస్తే ఏది ఆ రోజు జరిగిన పొరపాటో, ఏది పాతుకుపోయిన అలవాటో తేలుతుంది. అందులో నుంచి బాలికకు చెప్పవలసింది నెలకు ఒక్కటి. పది తప్పుల జాబితా చదివి వినిపిస్తే పదేళ్ల పిల్ల వాటిలో వినేది ‘నువ్వు పనికిరావు’ అన్న మాటే. పదకొండు, పన్నెండేళ్ల ప్రాయంలో ఒడ్డూ పొడుగూ మారుతున్నప్పుడు నిన్న వచ్చిన విన్యాసం ఇవాళ రాకుండా పోతుంది. ఆ దశలో పెరిగే కోతకు కారణం ఎదుగుదల అని చెప్పేవారు లేకపోతే బద్ధకం అన్న ముద్ర పడుతుంది. ఆటకు దూరం కావడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు.

నిర్వాహకుల వంతు

జిల్లా జట్టుకు, రాష్ట్ర జట్టుకు ఎంపిక స్థానాల ఆధారంగానే జరుగుతుంది. పాఠశాల క్రీడల ధ్రువపత్రాలు, ఖేలో ఇండియా పోటీలకు అర్హత, రేపటి కళాశాల ప్రవేశాల్లో క్రీడా కోటా.. అన్నింటికీ మూలం ఆ పట్టికలో ఎవరు పైన, ఎవరు కింద అన్నదే. ఆ స్థానాల మధ్య తేడా 0.1, 0.05లలో ఉన్నప్పుడు ఒక్క మొత్తం అంకెను మాత్రమే గోడకు అంటించడం సమంజసం కాదు. హకీంపేట క్రీడా పాఠశాల వంటి ప్రభుత్వ సంస్థలో చదువుకునే పేదింటి పిల్లకు ఆ కాగితమే ఆధారం. వీడియో తీసే తల్లి ఆమె వెంట రాదు.

న్యాయనిర్ణేతల చీటీలపై ‘డి’ వేరుగా, ‘ఇ’ వేరుగా, జరిమానా వేరుగా ఎటూ రాస్తారు. రాయకుండా కూడిక కుదరదు. వాటిని కూడి ఒక్కటిగా చేసిన తర్వాతే మైకు ముందుకు కాగితం వస్తోంది. కూడకముందు ఉన్న మూడు గడులను అలాగే అచ్చువేసి గోడకు అంటించడానికి కొత్త నిబంధన అవసరం లేదు, అదనపు నిధులూ అవసరం లేదు. గుర్తించని విన్యాసాల పేర్లు రాయడానికి పక్కన నాలుగో గడి పెడితే, పోటీ ముగిశాక శిక్షకులు బల్ల చుట్టూ మూగడం కూడా చాలావరకు తగ్గుతుంది.